దించడం చేతకానివాళ్ళు

ఆఫీసులో ఆవిణ్ణి చీపురమ్మ అంటారు. మొహాన కాదు, వెనకాల. ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రాముల్లో చెత్త ఎత్తిపొయ్యడమే పద్నాలుగేళ్ళుగా ఆవిడ ఉద్యోగం. ఆ పేరుకి ఆవిడకి బాధ లేదు గానీ, చెత్త పోసినవాళ్ళకి ఏ పేరూ పెట్టరేమని ఒళ్ళు మండుతుంది.

ఈసారి చేతికొచ్చింది డిస్కుల డ్రైవరు. గదినిండా ఉన్న డిస్కులకీ సర్వర్లకీ మధ్య నెట్‌వర్కు మీద రాకపోకలు నడిపే ప్రోగ్రాం. సర్వర్లోకి ఎక్కించేటప్పుడు బుద్ధిగా ఎక్కుతుంది. పని ఆపించి అందులోంచి దించబోతేనే సర్వరు కుప్పకూలుతుంది. ఆరేళ్ళ కిందట అలాగే కూలి, ఒక ఆసుపత్రి దాచుకున్న ఎక్స్‌రేలు వందల కొద్దీ పోయాయి. మెషిన్ల గది చూసుకునే పెద్దాయన కేబుల్ లాగేశాడని తేల్చారు. "నేను లాగలేదమ్మా, డ్రైవరు దించడానికి నొక్కమన్న బటనే నొక్కాను" అని ఆయన కనిపించినవాళ్ళందరి దగ్గరా మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. తీసుకెళ్ళి గేటు దగ్గర సంతకాల పుస్తకం ముందు కూర్చోబెట్టారు. చీపురమ్మ ఆయన మాట నమ్మింది. నమ్మి ఊరుకుంది. ఇప్పుడు రుజువు చేసే వీలు తన చేతికే వచ్చింది.

రెండు రోజులు చదివేసరికి ఆవిడకి లోపం దొరికింది. దింపమన్నప్పుడు డ్రైవరు, డిస్కుల నుంచి దారిలో ఉన్న జవాబులన్నీ వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే వాటికోసం ఉంచిన మెమరీ వదలాలి. ఇది ముందే వదిలేస్తోంది. చుట్టాలు బజారుకెళ్ళి వచ్చేలోపు వాళ్ళ గది అద్దెకిచ్చేసినట్టు. పైగా అక్కడ ఒక మాట రాసి ఉంది: 'ప్రస్తుతానికి ఐదు సెకన్లు ఆపుదాం, తర్వాత చూడొచ్చు.' కింద రాసినవాడి పేరు, తేదీ. ఆ తేదీ ఎక్స్‌రేలు పోయిన మరుసటి వారానిది. రాసినవాడు ఇప్పుడు ఆవిడ పై అధికారి. అంటే లోపం ఎక్కడుందో తెలిసే నోరు మూసుకున్నాడు. ఛీ, అనుకుంది పైకే.

ఆయన గదికి వెళ్ళి ఆ లోపం చూపించింది.

"ఆ ఐదుని పది చేసెయ్యమ్మా, సరిపోతుంది."

"సరిపోదండీ. ఇంతకీ ఆ కేబుల్ ఎవరు లాగారు?"

ఆయన తేలు కుట్టిన దొంగలా చూశాడు. "పాతవి తవ్వకమ్మా. చిన్న సవరణ అని రాసి పంపించెయ్."

బయటికొచ్చి ఆవిడ చేతులు కడుక్కుంది. రెండుసార్లు కడిగినా అసహ్యం పోలేదు.

మూడు రోజులు కూర్చుని బాగుచేసింది. కొత్త పనులు ఆపడం, పాతవి తిరిగొచ్చేదాకా కాచుకోవడం, మెమరీ వదలడం, ఆ వరసలోనే. రెండు వందలసార్లు దించింది. ఒక్కసారీ కూలలేదు. మార్పుల కాగితంలో, 'ఆరేళ్ళ కిందటి నష్టానికి కారణం ఈ లోపమే, కేబుల్ ఎవరూ లాగలేదు' అని రాసి, పై అధికారితో సహా అందరికీ పంపింది. తర్వాత గేటు దగ్గరికి నడిచి సంగతంతా చెప్పింది.

పెద్దాయన కలం కింద పెట్టాడు. "నిజమేనా అమ్మా?"

"నిజమే బాబాయ్. మీ తప్పేం లేదు."

ఆయన కాసేపు తన అరచేతులకేసి చూసుకున్నాడు.

"అందరూ అంటుంటే, నేనే లాగానేమో అనిపించేసిందమ్మా. పోయినేడు మా ఆవిడ దగ్గర ఒప్పేసుకున్నాను కూడా."