రాచకొండ మీద పట్టుపోగులు

పుట్టపాక ఊర్ల నేత నేసే నరహరి పన్నెండేండ్లకే మగ్గం గుంటల కాళ్లు పెట్టిండు. మగ్గం మీద కూసుంటే మొనగాడే, బయటకొస్తే మాత్రం దిక్కులు తెల్వవు. తూర్పేదో పడమరేదో పెండ్లాం ఆండాళును అడగాలె. గసొంటోడు ఓ ఆదివారం పెండ్లాం పిల్లలను బండి మీద ఎక్కించుకొని, రాచకొండ గుట్టలు చూపిస్తనని బయలెల్లిండు.

"తీస్కపోవుడు సరే, మల్ల ఇంటికి తెస్తవా మమ్ముల?" అని ఆండాళు నవ్వింది.

నరహరికి పౌరుషమొచ్చింది. జేబు నిండ రంగురంగుల పట్టుపోగులు కుక్కుకున్నడు. గుట్ట మీద దారి చీలిన కాడల్లా ఓ కొమ్మకు ఓ పోగు చుట్టుకుంట నడిచిండు. "సూశినవా నా తెలివి?" అని మీసం దువ్విండు. ఆండాళు సంకల రెండేండ్ల శ్రవణ్ ఉన్నడు. ఆరేండ్ల బిడ్డ హారిక అందరికన్న ఎనుక నిమ్మళంగ వస్తాంది.

గుట్ట మీది పాత కోట దర్వాజ కాడ సద్ది తిన్నరు. పిల్లలు బండల మీద దుంకిన్రు. పొద్దు వాలుతాందని ఆండాళు తొందర పెడితే దిగుడు మొదలుపెట్టిన్రు. మొదటి చీలిక కాడికి రాంగనే నరహరి కొమ్మ దిక్కు చూసిండు. కొమ్మకు పోగు లేదు. అటు ఉరికిండు, ఇటు ఉరికిండు. ఎక్కడ చూసినా ఒక్కతీరు పొదలే. నీళ్ల సీసలు ఖాళీ, ఫోనుకు సిగ్నల్ లేదు, చిన్నోడు దూపకు ఏడుస్తున్నడు. చీకటి పడేలోపు దిగకపోతే పిల్లలతోని ఈ అడవిల ఏంగావాలె?

"పోగులేడికి పోయినయ్?" అని ఒర్రిండు.

హారిక గౌను జేబులకెళ్లి ఓ ఉండ తీసి చూపించింది. "ఒక్కటి గూడ ఇడ్వలే బాపు. అన్ని ఏరుకొచ్చిన."

నరహరి చెయ్యి లేశింది. ఆండాళు అడ్డమొచ్చింది. "ఆగు! పోగు పారేస్తే వీపు విమానం మోత మోగుతదని దినాం బెదిరిచ్చేదెవరు? మొన్న పోగులు ఊడ్చిపారేశిందని పిల్లను కొట్టిందెవరు?"

లేశిన చెయ్యి దిగింది. పట్టు పిరం, ఒక్క పోగు పోవద్దని నేర్పింది తనే.

"ఏడేడ తీసిన్నో నాకు యాదికున్నది," అన్నది హారిక. "పచ్చది సీతాఫలం చెట్టుకు, ఎర్రది పగిలిన బండ కాడ. రాండ్రి."

పిల్ల ముందట, ముగ్గురు ఎనుక. ఒక్క కాడ జర నిలబడి, అటిటు చూసి, "ఇటే" అన్నది. చీకటి పడుతుంటే గుట్ట కింద బండి కనపడ్డది. ఆండాళు "అమ్మయ్య" అని ఊపిరి పీల్చుకున్నది. నరహరికి పానం లేచొచ్చింది. బిడ్డను ఎత్తుకుందామని ఉరికిండు.

హారిక ఆగి, కండ్లు గట్టిగ మూసుకొని, వీపు బాపు దిక్కు తిప్పింది.

"వచ్చినం గద బాపు. ఇగ కొట్టు."

గుట్ట దిగినంతసేపు గా దెబ్బ కోసమే తయారై నడిచింది పిల్ల. నరహరి దుమ్ముల కూలబడ్డడు. "కొట్ట బిడ్డా, ఇంకెన్నడు కొట్ట," అని ఏడ్చిండు.

హారిక మాత్రం కండ్లు తెర్వలే.