నాకు తెలియని వేడి

ఆ రోజు వేరుశనగ చేనులో కలుపు తీస్తున్నాను. లేవబోతే కాళ్ళు లేవలేదు. అప్పటికి నాలుగు నెలలుగా నడుము నొప్పి ఉంది, గోలీలు మింగుతూ నెట్టుకొచ్చాను. తిమ్మిరనుకొని తొడ గిల్లుకున్నాను. గిల్లినట్టు చేతికి తెలిసింది గానీ కాలికి తెలియలేదు. నా భర్త నరసింహ నన్ను వీపు మీద మోసుకొని పెద్దమందడి రోడ్డు దాకా తెచ్చాడు.

వనపర్తి దవాఖానలో చూసి హైదరాబాద్ పంపారు. అక్కడ ఎంఆర్ఐ తీశారు. "స్పైన్ టీబీ అమ్మా. చీము స్పైనల్ కార్డ్‌ను నొక్కుతోంది. ఆపరేషన్ చేస్తాం. నడక వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను," అన్నారు డాక్టర్. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందనుకునేదాన్ని.

ఏడాదికి పైగా మందులు, ఫిజియోథెరపీ. జబ్బు పోయింది. నడక రాలేదు. నడుము కింద సెన్సేషన్ కూడా రాలేదు. ఇంటికి వీల్‌చైర్ వచ్చింది.

ఇంటర్ పరీక్షలు అయిపోయాక మా బిడ్డ స్వప్న పట్టుబట్టింది. "రెండేండ్లాయె అమ్మా, దవాఖానకు తప్ప నువ్వు గడప దాటక. కొల్లాపూర్ దిక్కు పోయి కృష్ణా నది చూసొద్దం. నాయిన, నేను ఉన్నం గద."

కారు మాట్లాడుకొని, వీల్‌చైర్ మడిచి డిక్కీలో పెట్టుకొని పోయాం. బాత్రూం భయంతో నేను ముందు రోజు నుంచే నీళ్ళు తాగడం తగ్గించాను. లాడ్జిలో ర్యాంప్ ఉందని ఫోన్లో చెప్పారు. ఉంది. బాత్రూం తలుపే వీల్‌చైర్ కంటే సన్నగా ఉంది. నరసింహ ఎత్తుకొని లోపల కూర్చోబెడితే, బిడ్డ చూస్తోందని తల దించుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం నది ఒడ్డుకు పోయాం. వీల్‌చైర్ మెట్ల పైనే ఆగిపోయింది.

"ఇంత దూరమొచ్చి నీళ్ళు ముట్టకుంట పోతమా?" అని నరసింహ నన్ను రెండు చేతుల మీద మోస్తూ కిందికి దింపాడు. నీళ్ళకు పైనున్న రాతి మెట్టు మీద కూర్చోబెట్టి నా పాదాలు నీళ్ళలో పెట్టాడు. తండ్రీ బిడ్డలు మోకాలి లోతులో నిలబడ్డారు. స్వప్న నా మీద నీళ్ళు చల్లింది. దోసిలితో పట్టి నేనూ చల్లాను. అరగంట కూర్చున్నాం. జబ్బు మొదలైన నాటి నుంచి నేను అంత నవ్వింది లేదు.

సాయంత్రం లాడ్జిలో బట్టలు మారుస్తుంటే స్వప్న చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, ఇదేంది? తోలు బట్టకు అంటుకొని వస్తుంది. నొప్పి లేస్తలేదా?"

లేదన్నాను. బిడ్డ ఏడుస్తూ తండ్రిని పిలిచింది. ఎండకు కాగిన రాయి మీద అరగంట కూర్చున్నాను. తొడల వెనక, పిరుదుల మీద కాలిపోయింది.

"డీప్ బర్న్. సెన్సేషన్ లేని చర్మం మీకేం చెప్పదమ్మా. గ్రాఫ్ట్ వేయాలి, వేరే చోటి చర్మం తీసి ఇక్కడ అతికించాలి," అన్నారు దవాఖానలో డాక్టర్. మొదటి గ్రాఫ్ట్ అతకలేదు, ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండోది అతికేదాకా ఐదు నెలలు బోర్లా పడుకున్నాను.

డ్రెస్సింగ్ నరసింహే చేసేవాడు. చేసినప్పుడల్లా ఒకటే మాట: "నేనే కూసోబెట్టిన. ఈ చేతులతోనే."

అవును, నువ్వే కదా అని మొదట్లో లోపల అనుకున్న రోజులున్నాయి. ఒకరోజు గాజుగుడ్డ తీస్తూ అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పుడు అన్నాను: "నా ఒళ్ళు నాకే తెల్వలే. నీకెట్ల తెలుస్తది?"

ఇప్పుడు పుండు మానింది. చలికాలం మచ్చ పగులుతుంది. రెండు గంటలు కూర్చుంటే ఒక గంట పడుకోవాలి. స్వప్న మళ్ళీ ఎక్కడికీ పోదామనలేదు. మొన్న నేనే అడిగాను, గద్వాల కోట చూడాలని. నరసింహ లేచి వీల్‌చైర్ చక్రాలకు గాలి కొట్టాడు. పోయాం. కోట గేటు దాకా చూసి వచ్చాం. అంతకంటే లోపలికి పోయే ధైర్యం ముగ్గురికీ లేకపోయింది.

మాలాంటి వాళ్ళను బయటికి తీసుకుపోయేవాళ్ళకు ఒక్క మాట. రాయి, సిమెంటు బెంచీ, ఎండలో నిలిపిన కారు సీటు, ఏదైనా సరే, మమ్మల్ని కూర్చోబెట్టే ముందు మీ ముంజేయి దాని మీద ఆనించి పది లెక్కపెట్టండి. కాలుతోందా అని మమ్మల్ని అడగకండి. లేదనే చెప్తాం.