రమణ రాతల పన్నెండు అంకెలు

దయ్యం కథలు చెప్పెటోళ్లను చూస్తే నాకు నవ్వొస్తది. పద్దెనిమిదేండ్ల నుంచి కంప్యూటర్లతోనే బతుకుతున్న. ఏది ఆగినా దానికో కారణం ఉంటది, ఎతికితే దొరుకుతది. నేను నమ్మేది గంతే. అందుకే ఇది చెప్పాలంటే నాకే జెర సిగ్గుగ ఉంది.

మాది సికింద్రాబాద్‌ల చిన్న కంపెనీ. ఆస్పత్రుల్ల మందు కొలిచి నరానికి ఎక్కించే మిషన్లు ఉంటయి కదా, వాటికి బోర్డులు చేస్తం. ఒక్కో బోర్డుల నాలుగు ప్రాసెసర్లు. నాలుగింటినీ నడిపించే అసలు ప్రోగ్రామ్, కెర్నల్ అంటరు, అది నా పని. ప్రతి ప్రాసెసర్‌కు ఒక టైమర్ ఉంటది. అది కొట్టినప్పుడల్లా ప్రాసెసర్ చేతిల పని ఆపి, తర్వాత ఏం చెయ్యాల్నో చూసుకుంటది.

మా కొత్త బోర్డుల మూడో ప్రాసెసర్‌కు ఆ టైమర్ కొట్టుడే బంద్ అయ్యేది. ఒకసారి గంటకే, ఒకసారి పది గంటలకు. మిగిలిన మూడూ నడుస్తుంటయి, ఇది మాత్రం కూసున్న కాడనే కూసుంటది. నెల రోజులు పరేషాన్ అయిన. మిషన్ నడిమిట్ల ఆగితే మంచం మీదున్న మనిషి ఏమైతడో చెప్పక్కర్లే.

"ఇది ఎవరు సరిచేస్తే వాళ్లే టీమ్ లీడ్" అన్నడు మా సార్. నా దిక్కు చూసి అనలే. రమణ దిక్కు చూసి అన్నడు.

రమణది శ్రీకాకుళం దిక్కు. వచ్చి రెండేండ్లు, చిలకలగూడల రూమ్. నేను పది రోజులు కొట్టుకున్న తప్పును చాయ్ తాగుకుంట పట్టేటోడు. పైగా "మీరు సగం చెప్పేశారు కదన్నా, నేను మిగతాది చూశానంతే" అనేటోడు. గర్వమన్న ఉంటే తిట్టుకోనీకి ఒక సాకుండేది. దాపరికం ఎందుకు, వాడి మీద కండ్లల్ల నిప్పులు పోసుకున్న. ఇంట్ల సుత వాడి ముచ్చటే. మా ఆమె ఒకరోజు అన్నం పెట్టుకుంట అన్నది, "ఏందయ్యా, వాడేమన్న నీకు సవతినా?"

ఆ శుక్రవారం సాయంత్రం రమణ ఊరికి పోయిండు, అక్క కొడుకు అన్నప్రాసనకు. నాది మల్కాజ్‌గిరి, పోయే తొవ్వే కదా అని బండి మీద స్టేషన్ల దింపిన. రైలు కదిలేదాక నిలబడ్డ. ప్రేమతోని కాదు. వాడు పోయిండని కండ్లార చూసుకోవాలనిపించింది. మూడు రోజులు బోర్డు నాదే.

శనివారం పొద్దున పదింటికి ఆఫీసుకు పోయిన. ఇంకెవ్వరు రాలే. వాచ్‌మన్ రిజిస్టర్ల ఆ దినం నాదొక్కటే సంతకం, తర్వాత నేనే చూసిన. బోర్డు షురూ చేసిన. పదకొండున్నరకు మూడో ప్రాసెసర్ ఆగింది. ఆగినప్పుడు లోపలి గడియారం లెక్క ఎంతున్నదో స్క్రీన్ మీద పడ్తది. పన్నెండు అంకెల సంఖ్య. ఎప్పటికప్పుడు వేరే వస్తది. సేవ్ చేసి పెట్టుకున్న.

లేచి నడుస్తుంటే రమణ బల్ల మీద వాడి నోట్‌బుక్ కనబడ్డది. తెరవొద్దు. తెరిసిన.

ఆఖరి పేజీల పెన్సిల్‌తోని నాలుగు గీతలు, ప్రాసెసర్‌కు ఒకటి. మూడో గీత మీద ఒక చుక్క, పక్కన పెద్ద సంఖ్య. కింద జవాబు. మూడో ప్రాసెసర్ ఫలానా లెక్కకు కొట్టు అని తన టైమర్‌కు చెప్పేలోపు మిగిలిన మూడు దీన్ని కొద్దిసేపు ఆపుతున్నయి. ఇది చెప్పేసరికి ఆ లెక్క దాటిపోతున్నది. ఆరు దాటినంక ఆరింటికి అలారం పెట్టినట్టు, ఇంకేం కొడ్తది? పెట్టినంక గడియారం ఇంకోసారి చూడాలె, దాటిపోతే కొత్తగ పెట్టాలె. మూడు లైన్ల పని.

సంతోషం కాలే. కడుపు మండింది. జవాబు పుస్తకంల దాచుకొని, నా బండి మీదనే కూసొని, ఒక్క ముక్క చెప్పకుంట రైలెక్కిండా?

మా పనిల ఒక పద్ధతి ఉంది. కోడ్ మార్చినప్పుడు తప్పు పట్టిందెవరు, సరిచేసిందెవరు అని కింద పేర్లు రాయాలె. ఒకసారి అందరి కోడ్‌ల కలిసిందంటే చెరపనీకి రాదు. ఆ మూడు లైన్లు ఎక్కించి, రెండు చోట్ల నా పేరే రాసిన. బోర్డు సోమవారం దాక నడిచింది, ఒక్కసారి ఆగలే.

సోమవారం సార్ నా భుజం తట్టిండు. రిపోర్టుకు శనివారం సంఖ్య ఎక్కిస్తుంటే, అదే అంకెలు ఎక్కడ్నో చూసినట్టనిపించి రమణ పుస్తకం తెచ్చుకున్న. చుక్క పక్కనున్నదీ, నా స్క్రీన్ మీదున్నదీ ఒక్కటే. పన్నెండుకు పన్నెండు. వేలు పెట్టుకుంట మూడుసార్లు చదివిన. శనివారం పదకొండున్నరకు వచ్చిన సంఖ్య, శుక్రవారం రైలెక్కినోడి పుస్తకంల ఎట్లుంటది? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఎవరికని చెప్పుకోవాలె?

మంగళవారం రమణ వచ్చిండు, నా కోసం జీడిపప్పు పాకం తెచ్చి. "భలే పట్టేశారన్నా" అన్నడు. ఇగ తట్టుకోలేకపోయిన. పుస్తకం ముందల పెట్టి, నా దొంగతనంతో సహా అంతా కక్కేసిన.

వాడు చానాసేపు ఆ పేజీ చూసిండు. ఏడు అంకెకు నడుమ అడ్డగీత, మా ఆఫీసుల గట్ల రాసేది వాడొక్కడే.

"రాత నాదేనన్నా. కానీ నేను రాయనేదు. నాకసలు ఈ సంగతి తట్టనే లేదు. శుక్రవారం ఈ పేజీ ఖాళీ."

వాడి మొఖంల అబద్ధం లేదు. భయం ఉంది.

ఇద్దరం సార్ దగ్గరికి పోయినం. సరిచేసింది రమణ అని నేనన్న. నేను కాదు సార్ అని వాడన్నడు. మీకేం పని లేదా అని సార్ కసిరి, లీడ్ నాకే ఇచ్చిండు. తీసుకున్న. వద్దనే అంత మంచోణ్ని కాదు. కోడ్‌ల మాత్రం ఇంకో మాట చేర్చిన: పైన నా పేరు తప్పు, సరిచేసిందెవరో తెల్వదు.

ఆ పేజీ ఇప్పటికీ నా సొరుగుల ఉంది. నేనే ఒళ్లు తెల్వకుంట రాసిన్నా అని సుత అనుకొని, అడ్డగీత ఏడు చానాసార్లు రాసి చూసిన. ఒక్కటి సుత గట్ల రాలే. ఇంతకంటే నాకు సమజ్ కాలే.

దయ్యమో, ఇంకేదో, నాకు తెల్వది. కానీ నెల రోజులు కొట్టుకున్నది నేను. ఆ శనివారం ఆఫీసుల ఉన్నది నేనొక్కణ్నే. నా పుస్తకం పక్కనే నా బల్ల మీద తెరిచే ఉండె, మీద పెన్ను సుత పెట్టి ఉండె. అది ఏదైనా కానీ, జవాబు చెప్పనీకి వచ్చి, మూసి ఉన్న రమణ పుస్తకమే తెరుసుకున్నది.