తోడేలు వచ్చే దారి

ఆ రోజు నేను చెప్పింది రెండు మాటలే: "నేనే, సార్." అది అబద్ధం. ఆ ఆలోచన నాది కాదు, నా పక్కన నిలబడ్డవాడిది.

ఇద్దరం సూర్యాపేటలో డిగ్రీ ఆఖరు ఏడాది. ఒకే గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నా పాత కంప్యూటర్‌లో ఒక తుపాకుల ఆట ఉండేది. శత్రువులు ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు కాల్చాలో ఒక ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చడం నేర్చుకున్నాను. ఎంత మార్చినా అందరూ ఒకే దారిన వచ్చి చచ్చేవాళ్లు.

"గీళ్లు దుష్మన్లారా? కంట్రోల్ దుకాణం కాడ లైన్ కట్టినట్టున్నరు" అని నవ్వాడు నా దోస్తు.

వాళ్ల ఊరు మోతె. ఇంట్లో అందరూ గొర్రెలు కాసేవాళ్లే.

"తోడేలు గిట్ల రాదురా. ఒకటి దూరంగ కనపడుకుంట కూసుంటది. కుక్కలన్నీ దాని దిక్కే ఉరుకుతయి. ఇంకోటి ఎనక నుంచి, గాలికి ఎదురుంగ వస్తది. వాసన తెల్వదు. గందుకే కాసేటోడు గాలి ఈపుకు తగిలేటట్టు నిలబడాలె."

ఆటలో వాసన ఉండదు. ఒకడు ఎదురుగా కనిపిస్తూ గురి తప్పి కాలుస్తాడు, మిగిలినవాళ్లు చప్పుడు లేకుండా చుట్టు తిరిగి ఆడేవాడి వెనక్కి వస్తారు అని రాశాను. వాడు పక్కన కూర్చుని దిద్దాడు. "అప్పుడే ఉరికితె ఎట్ల? జర ఆగాలె." వారం తర్వాత, నేను మార్చిన ఆటలో నన్నే వెనక నుంచి కాల్చారు.

కోదాడలో ఒక కంప్యూటర్ సెంటర్ వాళ్లు విద్యార్థుల పనులు ప్రదర్శనకు పెడితే తీసుకెళ్లాం. సెంటర్ నడిపే సారు ఆడి, మూడుసార్లు చచ్చాడు.

"భలే వస్తున్నారే వెనక నుంచి! ఎవరి ఆలోచనయ్యా ఇది?"

అప్పుడే ఆ రెండు మాటలు అన్నాను.

"మిర్యాలగూడలో కొత్త సెంటర్ పెడుతున్నాం. పాఠాలు చెప్పడానికి వస్తావా?"

వస్తానన్నాను. నా దోస్తు తెర వైపే చూస్తున్నాడు. పరీక్షలయ్యేలోగా ఉద్యోగం దొరక్కపోతే మంద వెంట వస్తానని వాడు తండ్రికి మాట ఇచ్చాడు. ఆ సంగతి నాకు తెలుసు. మా నాన్న టీచరు. నాకు తొందరేమీ లేదు.

పరీక్షలయ్యాయి. వాడు మంద వెంట వెళ్లిపోయాడు. నేను చేరాల్సిన రోజు పొద్దున్నే కోదాడ వెళ్లి సారుకు నిజం చెప్పాను.

"అప్పుడే చెప్పొచ్చుగా? సరే, సాయంత్రంలోగా ఆ అబ్బాయిని మిర్యాలగూడ పంపు. లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటా."

మంద త్రిపురారం దగ్గర కోసిన పొలాల్లో ఉంది. నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తండ్రి ఊరికి పోవడంతో వాడొక్కడే ఉన్నాడు. చెప్పాల్సిందంతా చెప్పాను.

"ఆ దినం కోదాడ నుంచి వచ్చేటప్పుడు బస్సులనే అడుగుదామనుకున్న. నువ్వే చెప్తవని సూసిన" అన్నాడు. "మందను ఇడిసిపెట్టి ఎట్ల పోవాలెరా?" అన్నాడు.

"నేనుంట."

"నువ్వా? నిన్ను సూస్తెనే బెదురుతయి."

అయినా కర్ర నా చేతికిచ్చి బస్సుకు నడిచాడు.

గంటలోపే మూడు గొర్రెలు గట్టు దాటి పక్కవాళ్ల వరిలో పడ్డాయి. రైతు అరుచుకుంటూ వచ్చాడు. "ఎవడివిరా నువ్వు? మంద పిలగాడేడి?"

"పని మీద పోయిండు. తప్పు నాదే" అన్నాను.

గొర్రెలను తోలుకొచ్చి, గాలి వీపుకు తగిలేలా తిరిగి నిలబడ్డాను.