జోడు తప్పిన పిస్తోళ్ళు

సౌదీలోని ఖతీఫ్‌లో అబూ జాఫర్ ఇంట్లో పనిచేసే రెబెక్కాది నరసాపురం దగ్గరి పల్లె. ఏడో ఏటి నుంచి లేసు అల్లిన చెయ్యి. పువ్వుకు ఒక రేకు ఎక్కువైనా, తీగ అవతలి పక్కకు తిరిగినా ఇట్టే పట్టేస్తుంది. ఇక్కడికొచ్చి ఆరేళ్ళుగా వంటా ఇస్త్రీలతోనే సరిపోయింది కానీ ఆ కన్ను మాత్రం మొద్దుబారలేదు.

అబూ జాఫర్ ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దాయన. అరచేతిలో ఇమిడే పాతకాలపు జేబు పిస్తోళ్ళంటే ప్రాణం. రెండువందల ఏళ్ళ కిందట ఇంగ్లండు దొరలు దారిదొంగల భయానికి కోటు జేబుల్లో పెట్టుకు తిరిగినవి. జోడు జోడుగా చెక్కపెట్టెలో వస్తాయి. లోపల పచ్చటి ఉన్నిగుడ్డ, పిస్తోలు ఆకారానికి సరిపడా గూళ్ళు, గొట్టం విప్పే తాళంచెవి. అలాంటి పెట్టెలు ఐదున్నాయి ఆయన దగ్గర, రుఖ్సా అనే లైసెన్సు కాగితాలతో సహా. బీరువా అద్దాలు తుడవడం వరకే రెబెక్కా పని.

ఈ మధ్య ఆయన కళ్ళకు పొర కమ్మింది. శుక్రవారం దమ్మామ్ నుంచి స్నేహితులు వస్తున్నారని పిస్తోళ్ళకు నూనె పట్టించడానికి కూర్చుని, లైటు పట్టుకోమని రెబెక్కాను పిలిచాడు. అప్పుడే ఆమె మొదటిసారి వాటిని దగ్గరగా చూసింది. ఒకే పనివాడు చేసిన రెండు జోళ్ళు. ఇనుము మీద చెక్కిన పువ్వుకు ఒకదాని మీద ఆరు రేకులు, దాని పక్కదాని మీద ఎనిమిది. రెండో పెట్టెలోనూ అంతే.

వంటింట్లోకొచ్చి ఆ సంగతి డ్రైవరు ఓబులయ్యకు చెప్పింది. అతనిది కడప. ఆయప్ప సామాను జోలికి మనం పోగూడదక్కా, గమ్మునుండు అన్నాడు.

"కళ్ళెదురుగా తప్పు కనపడతంటే అన్నం ఎలా దిగుద్ది తమ్ముడూ?" అంది రెబెక్కా.

పొద్దున కాఫీ ఇస్తూ తనకొచ్చిన అరబ్బీలో చెప్పేసింది. "బాబా, ఇవి జోడు కాదు. ఆరు రేకులవి రెండూ ఒక పెట్టెలో ఉండాలి."

ఆయన మొహం ముడుచుకుంది. ముప్పై ఏళ్ళుగా వీటిని సేకరిస్తున్నానన్నాడు. అయినా తాళంచెవి తీసి గొట్టాలు విప్పి, భూతద్దం ఆమె చేతికిచ్చి లోపలి నంబర్లు చదవమన్నాడు. చదివింది. నంబర్లు కూడా పువ్వుల మాటే చెప్పాయి. రంజాను ముందు రెండు పెట్టెలూ ఒకేసారి తుడిచి, మసక కళ్ళతో తనే తారుమారు చేశానని ఆయనకు గుర్తొచ్చింది. పెద్దాయన నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకోవడానికి నూనెగుడ్డ అందుకోబోతే రెబెక్కా లాక్కుంది.

శుక్రవారం ఆ కథ ఆయనే అందరికీ చెప్పి ఆమెను అతిథులు కూర్చునే మజ్లిస్‌లోకి పిలిచాడు. కొత్తగా కొన్న పెట్టె తెచ్చిన అబూ హాషిమ్ అనే ఆయన, నాది కూడా చూడమ్మా అన్నాడు వేళాకోళంగా. రెబెక్కా కొంగుతో చెయ్యి తుడుచుకుని చూసింది. ఒకదాని తీగ కుడి నుంచి మొదలైంది, రెండోదాని తీగ ఎడమ నుంచి.

"ఇది ఇద్దరి చేతిపని బాబా."

గొట్టాలు విప్పారు. నంబర్లు కలవలేదు.  అందరికంటే గట్టిగా అబూ హాషిమే నవ్వాడు. అమ్మినవాడికి అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు.

ఆ రోజు నుంచి గొట్టాలు విప్పే తాళంచెవి రెబెక్కా దగ్గరే ఉంది; కంటి ఆపరేషనయ్యాక కూడా అబూ జాఫర్ దాన్ని వెనక్కి తీసుకోలేదు. పురుగు కొట్టిన ఉన్నిగుడ్డలు తీసేసి కొత్తవి అమర్చే పని కూడా ఆమెకే అప్పగించాడు. అబూ హాషిమ్ కూడా తన పెట్టెలు పంపాడు. ఏం పని చేస్తున్నావని ఫోన్లో చెల్లెలు షైని అడిగితే, పిస్తోళ్ళకి పరుపులు కుడుతున్నానంది రెబెక్కా. షైని ఎంతకీ నమ్మకపోతే ఫొటో పంపింది.