అక్క కడిగిన జాలీని తుడిచింది నేనే

మా చిన్నప్పుడు కోరుట్లలో తెలంగాణ సమ్మె రోజులు... బస్సులు లేవు, బడి లేదు. బాపు వాకిట్లో గోనెసంచి పరుచుకుని పాత బుల్లెట్ ముందు కూర్చున్నాడు. పక్కన సత్తు గిన్నెలో కిరసనాయిలు, ఆ పక్కనే మా అక్క. నేను మాత్రం గడప మీద.

నాకు పదేళ్ళు, అక్కకు పద్నాలుగు. ఆ బండి మా ఇద్దరి కంటే వయసులో పెద్దది. బాపు బడిపంతులు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి మధ్యాహ్నాలు దీక్షా శిబిరంలో, మిగతా పొద్దంతా ఆ బండి దగ్గర.

ఎల్లుండి జగిత్యాలకు బైకు ర్యాలీ. బాపు అందరికంటే ముందు నడపాలని శిబిరంలో ఖాయమైంది. ఆయన ఆనందం అంతా ఇంతా కాదు... కానీ ఇంజను ఊరికే వేడెక్కుతోంది. బందు కాబట్టి మెకానిక్ ఖాజా చాచా దుకాణం మూసేశాడు. బాపు ఇంటికి పోయి అడిగితే చాచా నవ్వాడట.

"రెండు ఫిల్టర్లుంటయ్ సారూ... కింద బోల్టు ఎనుక ఒక జాలీ, ముంగట మూత లోపట గుడ్డది ఇంకోటి. మీరు ఒక్కటే కడుగుతున్నరు గావచ్చు."

నిజమే. కొన్ననాటి నుంచీ బాపు నూనె వడకట్టే ఆ కింది జాలీ ఒక్కటే కడుగుతున్నాడు. రెండోదాని కోసం పొద్దున్నుంచి వెతుకుతున్నాడు. దుమ్మూ నూనే కలిసి గట్టిపడి, ఎక్కడ మూతో ఎక్కడ ఇంజనో తెలియడం లేదు. అక్క తన సన్నటి వేళ్ళతో ఆ మడ్డి గీకుతూ గీకుతూ ఆగింది.

"బాపూ, గిదే మూత... చూడు, తిరుగుతాంది."

లోపల నల్లగా, పట్టుకుంటే జారిపోయే గుడ్డ ఫిల్టరు! బాపు లేచి గోడ మీది నుంచి పక్కింటివాళ్ళను కేకేశాడు. "ఏండ్ల సంది నాకు దొరకంది మా పెద్దబిడ్డ దొరకవట్టింది!" ఆ మాట సాయంత్రానికి వాడంతా తిరిగింది. అమ్మ అక్కకు మాత్రమే ఇంకో గరిటె పప్పు వేసిందని కూడా నాకు అనిపించింది... నిజంగా వేసిందో లేదో.

"బాపూ, నేను గూడ కడుగుత."

"నీ ఏళ్లు పొట్టియి బిడ్డా, అందయ్. నువ్వు కూసోని సూడు."

చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుసు. పైగా ర్యాలీలో బండి మీద వెనక జెండా పట్టుకుని కూర్చునేది కూడా అక్కేనట. నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. దాచడం ఎందుకు... ఆ రాత్రి అక్కకు జ్వరం రావాలని దేవుడికి దండం కూడా పెట్టాను.

జ్వరం రాలేదు. మర్నాడు మధ్యాహ్నం బాపు శిబిరానికి పోయాడు. అక్క కడిగిన జాలీ, గుడ్డ ఫిల్టరు పేపరు మీద ఎండకు ఆరుతున్నాయి.

మా మేనమామ సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాడు. సాంచాల కింద పడే వేస్టు నూలు సంచి నిండా తెచ్చి ఇస్తే, బాపు దానితో బండి తుడిచేవాడు. కానీ ఫిల్టర్ల దగ్గరికి ఆ నూలును రానిచ్చేవాడు కాదు. "కిరసనాయిల్ల కడగాలె, నోటితోని ఊదాలె, ఎండకు పెట్టాలె. నూలుతోని ముట్టద్దు" అని అక్కకు చెబుతుంటే నేనూ విన్నాను. నన్ను దూరం పెట్టడానికి పెట్టిన రూలే అనుకున్నాను.

పిడికెడు నూలు తీసుకుని ఆ జాలీని లోపలా బయటా కసికొద్దీ రుద్దాను. అక్క కడిగినదాని కంటే తళతళా మెరిసింది. ర్యాలీ అయ్యాక, బండి బాగా నడిచిందని బాపు మురుస్తున్నప్పుడు, తుడిచింది నేనని అందరి ముందు చెప్పాలని నా ప్లాను.

తెల్లవారి బాపు హడావుడిగా అవి బిగించేసి కిక్కు కొట్టాడు. అక్క జెండా ఎత్తింది. వీధి వీధంతా జై తెలంగాణ అంది. నేను అనలేదు.

సాయంత్రం ఒక ట్రాక్టరు మా ఇంటి ముందు ఆగింది. ట్రాలీలో బుల్లెట్, దాని పక్కన బాపు, అక్క. సగం దారిలో ఇంజను పట్టేసిందట. ముందు నడవాల్సిన మనిషి రోడ్డు పక్కన నిలబడి ర్యాలీ మొత్తాన్ని సాగనంపాడు. బండి నెట్టీ నెట్టీ అక్క అరచేతులు బొబ్బలెక్కాయి. బాపు ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు జాలీ విప్పాడు. దాని కన్నుకన్నులో నూలు పోగులు, నూనె పారే దారే లేదు. ఒక పోగును వేలికొసకు తీసి ఎండకు చూశాడు.

"ఎవలు తుడిచిండ్రు దీన్ని?"

నేను అమ్మ కొంగు వెనక ఉన్నాను. అక్క నా వైపు ఒక్కసారి చూసింది, అంతే.

"నేనే బాపూ. తొందరల తుడిచిన."

బాపు తిట్టలేదు. కొట్టలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ అక్కను ఆ పనికి పిలవలేదు. బండి బాగై, మళ్ళీ ఫిల్టర్లు కడిగే రోజు వచ్చినప్పుడు "చిన్నబిడ్డా, దా" అన్నాడు. నేను పోయాను. గోనెసంచి మీద బాపు పక్కన కూర్చున్నాను. అక్క అర్రలో చదువుకుంటూ ఉంది. అన్నేళ్ళూ నేనే కడిగాను, ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. సిగ్గుగా ఉండేది... కానీ ఆ చోటు వదులుకోవడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు నా స్కూటీకి సర్వీసింగ్ అంటే ఫోన్ చేస్తాను, ఎవరో వచ్చి తీసుకుపోతారు. లోపల ఫిల్టరు ఎక్కడుందో నాకు తెలియదు, రేపు నాకు పుట్టే పిల్లలకు అసలే తెలియదు. దాని కోసం కొట్లాడుకునే అక్కాచెల్లెళ్ళు ఇప్పుడెక్కడున్నారు...

మీ ఇంట్లో మీ తప్పును నెత్తిన వేసుకున్నవాళ్ళు ఉంటే కింద రాయండి. బాపుకు ఇవాళే ఫోన్ చేసి ఆ నూలు సంగతి చెప్పాను. ఆయన వెంటనే "పెద్దబిడ్డకు ఫోన్ కలుపు" అన్నాడు. కలిపాను. గంట దాటింది, ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నిజం చెప్పనా... నాకు మళ్ళీ కుళ్ళుగానే ఉంది.