నా నోరు చూడండి

టీచరుగా హెస్టర్ ఆక్‌రాయిడ్ సాధించిన తొలి విజయం పేరు సెత్. గొర్రెల పెంపకందారు కొడుకు, బుర్రకు అక్షరం ముక్క ఎక్కదని ఇంట్లోవాళ్లే వదిలేసిన పిల్లవాడు. చలికాలమంతా వాడితో కుస్తీ పట్టింది. వసంతం వెళ్లిపోతుండగా ఒకరోజు బస్సులో వాడు కిటికీలోంచి పబ్బు బోర్డు చూసి, అందులోని “మూన్” అన్న మాటను పొలికేక పెట్టి చదివాడు. డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత యార్క్‌షైర్ కొండల్లోని ఆ చిన్న బడిలో ఆమె చేతి మీదుగా చదువుకున్నవాళ్లు నర్సులయ్యారు, ఒకడు పశువైద్యుడయ్యాడు, ఇంకొకడు కౌన్సిలు మెంబరయ్యాడు. జూన్‌లో ఒకటో తరగతికి పెట్టే చదివే పరీక్షలో, అర్థంలేని మాటలు కూడా కూడబలుక్కుని చదవవలసిన ఆ పరీక్షలో, ఆమె తరగతి ఏనాడూ వెనకబడలేదు. తనిఖీకి వచ్చిన దొరసాని పిల్లల వెనక కూర్చుని తానూ గొంతు కలిపింది. ఇవి ఊరందరికీ తెలుసు. తెలియనివాళ్లకు హెస్టరే చెబుతుంది, మొహమాటపడదు.

ఆమె తరగతి గదికి అడ్డంగా బట్టలారేసే తీగ ఉంటుంది. దాని మీద అట్టతో కత్తిరించిన మేజోళ్లు, ఒక్కోదాని మీద ఒక్కో మాట. ఒకే శబ్దం పలికేవన్నీ ఒక్కచోట క్లిప్పు పెడుతుంది. మూన్‌లో రెండు ఓలు, బ్లూలో యు పక్కన ఇ, గ్రూలో ఇ పక్కన డబ్ల్యూ. రాతలు వేరు, నోరు ఒక్కటే. “తీగ తర్వాత. ముందు నా నోరు చూడండి” అంటుంది.

నవంబరులో ఒక ఉదయం తాగుతున్న టీ గడ్డం మీదుగా కారిపోయింది. ఎడమ చెంప తనది కానట్టుంది. నొప్పి కూడా లేదు. పక్షవాతం కాదనీ, ముఖంలో నరం వాచిందనీ, చాలామందికి తగ్గుతుంది గాని నెలలు పట్టవచ్చనీ డాక్టరు చెప్పాడు. ఎవరి గురించో చెబుతున్నట్టు వింది. సోమవారం బడికి వెళ్లింది.

ఆ వారం ‘ఊ’ పాఠం. మేజోళ్లు తగిలించి, పెదవులు ముందుకు చాచింది. సగమే వచ్చాయి. రెండో పక్కనుంచి గాలి బుస్సుమంది.

తరగతంతా మూతులు ఒక పక్కకు వంకర తిప్పి “ఊ” అంది. ఒక్కరూ నవ్వలేదు.

“మిస్, నాకు గాలి రావట్లేదు” అంది మార్నీ, వేలితో పెదవి పక్కకు లాక్కుంటూ.

“వేలు పెట్టకూడదు, అది దొంగాట!” అన్నాడు పక్కనున్న ఎల్లిస్. “చూడు, నాకొచ్చేసింది. మిస్, నాదే కదా అందరికన్నా బాగుంది?”

“బాగుంది నాన్నా” అంది హెస్టర్.

సహాయ టీచరు లోర్నా కిటికీ వైపు తిరిగిపోయింది. హెస్టర్‌కు ఏడుపు రాలేదు, సిగ్గూ వేయలేదు. బాగా పట్టుకున్నారు అనుకుంది, అంతే.

మధ్యాహ్నం హెడ్‌మాస్టరు గార్‌సైడ్ గదికి వెళ్లింది. అతనికీ చదవడం నేర్పింది ఆమే.

“కూర్చోండి మిస్.”

“కూర్చోను. నా నోటి తుంపర పడుతుంది, దూరంగా ఉండు. నాకు సెలవు కావాలి.”

“ఎవరైనా వెక్కిరించారా? చెప్పండి, వాళ్ల అమ్మానాన్నల్ని పిలిపిస్తా.”

“వెక్కిరిస్తే ఉండిపోయేదాన్నిరా. నేర్చుకుంటున్నారు.”

గార్‌సైడ్ పెన్ను అందుకున్నాడు. “లోర్నాకు అప్పజెప్పనా?”

“దానికేం, నిక్షేపంలాంటి నోరు. కబుర్లే కాస్త ఎక్కువ.”

“మిస్, ఒక్క మాట. ఎప్పుడొస్తారో తారీకు ఇవ్వకపోతే, మీ స్థానంలో ఇంకొకరిని పర్మనెంటుగా వేసేస్తారు. నా చేతుల్లో ఏమీ లేదు.”

డాక్టరు ఏ తారీకూ ఇవ్వలేదు. హెస్టర్ చెంప మీద వేలు పెట్టి నొక్కింది. వేలికి చెంప తెలిసింది, చెంపకు వేలు తెలియలేదు. గోడ మీది విద్యాసంవత్సరపు క్యాలెండరు దగ్గరికి వెళ్లి, క్రిస్మస్ దాటించి, ఆ తర్వాత టర్ము మధ్యలో ఇచ్చే వారం సెలవులూ దాటించి, ఒక గడి చూపించింది.

“తప్పకుండా వస్తారా మిస్?”

“రాసుకో” అంది.

గార్‌సైడ్ రాసుకున్నాడు: ఫిబ్రవరి ఇరవై నాలుగు, సోమవారం.